ఏఎల్‌ఎస్ వచ్చాక కూడా నాన్న డిజైన్లు గీయిస్తూనే ఉన్నారు: మన జిల్లాల్లో ఈ జబ్బు గురించి ఎలా చెప్పాలి?

చిటికి నూలు (పుట్టపాక)

అందరికీ నమస్కారం. మాది పుట్టపాక. నాన్న ఇకత్ (నూలును ముందే ముడులు కట్టి రంగులద్ది నేసే చేనేత) డిజైనర్. గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపి, ఏ గడిలో ఏ రంగు పడాలో, నూలుకు ఎక్కడెక్కడ రబ్బరు పట్టీ చుట్టి చిటికి కట్టాలో తేల్చి ఇవ్వడం ఆయన పని. మా వీధిలో చాలా మగ్గాలు ఆయన గ్రాఫుల మీదే నడిచాయి.

మొదట కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే కండ పోయి గుంట పడింది. చిటికి ముడి బిగించాలంటే ఆ రెండు వేళ్లే ఆధారం. ముడి జారితే రంగు లోపలికి పాకి గీత చెదిరిపోతుంది. నాన్న కట్టిన నూలులో గీత చెదరడం చూసి, చెప్పకముందే అమ్మకు అర్థమైంది.

మా ప్రాంతంలో చేయి లేవలేదన్నా కాలు ఈడ్చినా జనం అనే మొదటి మాట ఫ్లోరైడ్. మేమూ అదే అనుకుని నీళ్లు మార్చాం, కాల్షియం మాత్రలు వాడాం. ఒక ఆసుపత్రిలో మెడ ఎముకలు నరాన్ని నొక్కుతున్నాయని చెప్పి ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చారు. అంతలో ఇంకో చోట ఒక నరాల డాక్టరు నాన్నను నాలుక చూపించమన్నారు. నోట్లోనే కదలకుండా ఉంచిన నాలుక మీద చిన్న చిన్న అలలు లేస్తున్నాయి. అది చూసి, కండరాల్లో విద్యుత్ సంకేతాలను కొలిచే ఈఎంజీ పరీక్ష రాశారు. జబ్బు పేరు అప్పుడు తెలిసింది: ఏఎల్‌ఎస్, కండరాలను కదిలించే నాడీకణాలు చనిపోయే జబ్బు.

ఇప్పుడు నాన్న రెండు చేతులూ పనిచేయవు. మాట ముద్దగా వస్తోంది. అయినా రోజూ పొద్దున గ్రాఫ్ కాగితం ఎదురుగా పెట్టించుకుంటారు. ఆయన వరస, గడి, రంగు చెబుతారు, నేను నింపుతాను. జూన్ 21 ప్రపంచ ఏఎల్‌ఎస్ దినం కాబట్టి ఆ రోజుకు ఒక తేలియా రుమాల్ (నూనెలో నానబెట్టిన నూలుతో నేసే మా ఊరి ఇకత్ వస్త్రం) నేయించాలని ఆయన పట్టుదల. ఇలాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయా? మాట పూర్తిగా పోతే ఆయన పని ఎలా సాగించాలి? మన ఊళ్లలో జనానికి దీని గురించి ఏ దారిలో చెబితే చెవికెక్కుతుంది?

నరాల వైద్యుడు (నల్లగొండ)

అమ్మా, మీరు రాసిన బొటనవేలి గుంట, నాలుక మీది అలలు మన వైద్యులందరూ గుర్తుపెట్టుకోవాల్సినవి. ఈ జిల్లాలో ఫ్లోరైడ్ నీడ పెద్దది కాబట్టి తేడా కొంచెం వివరంగా చెబుతాను.

నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల ఫ్లోరోసిస్‌లో నడుము, మెడ బిగుసుకుపోతాయి. ఎక్స్‌రేలో ఎముకలు మరీ దట్టంగా, తెల్లగా కనిపిస్తాయి, ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి ఉంటుంది. ఎముక పెరిగి వెన్నుపామును నొక్కితే కాళ్లు కొయ్యబారతాయి, చేతుల కండ కూడా తగ్గవచ్చు. ఏఎల్‌ఎస్‌తో పొరబడేది ఇక్కడే. అయితే వెన్నుపాము నలిగినప్పుడు సాధారణంగా తిమ్మిరి ఉంటుంది, స్పర్శ తగ్గుతుంది, మూత్రం దగ్గర ఇబ్బంది రావచ్చు. ఏఎల్‌ఎస్‌లో స్పర్శ నిలిచే ఉంటుంది. మెడలో ఎంత నొక్కుడు ఉన్నా నాలుక కండ తగ్గదు, ఎందుకంటే నాలుకకు వెళ్లే నరం మెడకు పైనే బయలుదేరుతుంది. ఒకే మనిషికి రెండు జబ్బులూ ఉండే అవకాశం కూడా ఉంది. ఎక్స్‌రేలో ఫ్లోరోసిస్ కనిపించిందని ఈఎంజీ మానేయకూడదు.

ఏఎల్‌ఎస్‌లో జరిగేది ఇది: కదలమని కండరాలకు ఆదేశం పంపే నాడీకణాలు మెదడులోనూ వెన్నుపాములోనూ క్రమంగా చనిపోతాయి. ఆదేశం అందని కండ ఎండిపోతుంది. చూపు, వినికిడి ఉంటాయి. కనుగుడ్లను తిప్పే కండరాలు ఎక్కువ మందిలో చాలాకాలం నిలుస్తాయి. ఆలోచన చాలామందిలో చెక్కుచెదరదు, కొందరిలో మాత్రం నిర్ణయాలు తీసుకోవడంలో, ప్రవర్తనలో మార్పులు వస్తాయి. ఫ్రెంచి వైద్యుడు షార్కో 19వ శతాబ్దంలోనే దీన్ని వర్ణించారు. 1993లో ఎస్‌ఓడీ1 అనే జన్యువుతో దీనికి సంబంధం బయటపడింది. అయినా పది మందిలో తొమ్మిది మందికి ఇంట్లో ఇంకెవరికీ ఉండదు. ఇది అంటుకోదు. ఎవరి పాపఫలమూ కాదు.

చిన్న వయసు వారికి చేతి కండ తగ్గితే వెంటనే ఏఎల్‌ఎస్ అని బెంబేలు పడవద్దు. 15 నుంచి 25 ఏళ్ల మగపిల్లల్లో కనిపించే హిరయామా వ్యాధి ఎక్కువగా ఒక చేతిలో మొదలై కొన్నేళ్లకు ఆగిపోతుంది. దక్షిణ భారతంలో గుర్తించి 1970లో నమోదు చేసిన మద్రాసు మోటార్ న్యూరాన్ వ్యాధి కూడా చిన్న వయసులోనే వస్తుంది, వినికిడి తగ్గిస్తుంది, కానీ చాలా ఏళ్లపాటు నెమ్మదిగా నడుస్తుంది. పరీక్ష చేయకుండా పేరు పెట్టడం ఎవరికీ మంచిది కాదు.

పాలమూరు ఇల్లాలు (దేవరకద్ర దగ్గర)

మాది వలస కుటుంబం. మా ఆయన పుణేలో తాపీ పని చేసేవారు. ఆయనకు చేతుల్లో కాకుండా గొంతులో మొదలైంది. కురుమూర్తి జాతరకు ఊరికి వచ్చినప్పుడు భజనలో పై స్థాయి అందుకోలేకపోయారు. తర్వాత నీళ్లు తాగితే దగ్గు, మాటలో ముక్కు శబ్దం. పక్షవాతం అన్నారు, తాగి మాట్లాడుతున్నాడని కూడా అన్నారు. జీవితంలో ఒక్క చుక్క ముట్టని మనిషి.

అన్నింటికంటే నన్ను కుంగదీసింది ఆయన నవ్వు. మా పెద్దమామ దినం రోజు పంక్తిలో కూర్చుని ఆయన ఆగకుండా నవ్వారు. కళ్లలో మాత్రం భయం. బంధువులు లేచి వెళ్లిపోయారు. తర్వాత డాక్టరు చెప్పారు, ఈ జబ్బులో కొందరికి నవ్వు, ఏడుపు మనసుతో సంబంధం లేకుండా తన్నుకొస్తాయని, దానికి మందు కూడా ఉందని. చెల్లీ, మీరు రుమాలు నేయిస్తే ఈ సంగతి ఎక్కడైనా ఒక మూల రాయించండి. ఆ ఒక్క మాట ముందే తెలిసి ఉంటే మా ఇంటికి రాకపోకలు ఆగేవి కావు.

మాట మిగిలి ఉన్న రోజుల్లో మా చిన్నోడు ఫోనులో ఆయన గొంతు పట్టి ఉంచాడు. పిల్లల పేర్లు పిలవడం, "అన్నం పెట్టు", "గొళ్ళెం వేశావా", కురుమూర్తి స్వామి కీర్తన రెండు చరణాలు. ఇప్పుడు ఆయన కంటితో అడిగితే ఆ బటను నొక్కుతాం. ఇంట్లో ఆయన గొంతు ఉంటుంది.

నరాల వైద్యుడు (నల్లగొండ)

ఇల్లాలు గారూ, మీ అబ్బాయి చేసినది సరైన పని. మాట తడబడటం మొదలైన రోజే గొంతు దాచుకోవాలి. పూర్తి వాక్యాలు, నవ్వు, కసురు, అన్నీ. ముద్దగా మారాక దాచినది వినడానికి అంత బాగుండదు. మింగడం కష్టమైన వారికి ఇంకో మాట. పొట్టలోకి నేరుగా ఆహారం పంపే గొట్టం వేయించడమా వద్దా అనే నిర్ణయం ఊపిరి బలం సగానికి పడిపోకముందే తీసుకోవాలి. ఆ తర్వాత ఆ చిన్న ప్రక్రియ కూడా ప్రమాదకరమవుతుంది. పొద్దున్నే తలనొప్పి, వెల్లకిలా పడుకోలేకపోవడం, పగటి నిద్ర ఊపిరి తగ్గుతోందనడానికి గుర్తులు. రాత్రిపూట మాస్కు ద్వారా గాలి అందించే బైప్యాప్ యంత్రం ఆయుష్షును, నిద్రను రెండింటినీ నిలబెడుతుంది. రిలుజోల్ 1995 నుంచి వాడుకలో ఉన్న మందు. అది జబ్బును ఆపదు, కొంత నెమ్మదింపజేస్తుంది. దాన్ని వాడేటప్పుడు కాలేయ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. 2023లో అమెరికాలో అనుమతి పొందిన టోఫెర్సెన్ ఎస్‌ఓడీ1 జన్యులోపం ఉన్న కొద్దిమందికే.

తెలుగు మాస్టారు (దేవరకొండ)

ఈ చర్చలో నేను చెప్పగలిగేది ఒకటుంది. నాతోపాటు పాఠశాలలో పనిచేసిన మిత్రుడు, తెలుగు పండితుడు, ఈ జబ్బుతోనే మంచంలో ఉన్నారు. మాట పోయింది, చేతులు పోయాయి. ఆయన పద్యం ఆగకూడదని మేమిద్దరం ఒక అక్షరాల పలక తయారు చేసుకున్నాం. పుట్టపాక అమ్మాయికి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ఇంగ్లిషుకు ఇరవై ఆరు అక్షరాలు. మనకు యాభై పైచిలుకు, వాటి మీద గుణింతాలు, ఒత్తులు. పలక మీద అన్నీ వరసగా రాస్తే ఒక్క మాట చెప్పేసరికి మనిషి అలసిపోతాడు. కానీ మన వర్ణమాలను పెద్దలు ముందే వర్గాలుగా పేర్చి పెట్టారు. క, చ, ట, త, ప అయిదు వరసలు, వరసకు అయిదు అక్షరాలు. పైన అచ్చుల వరస, కింద య నుంచి ళ వరకు ఒక వరస. నేను వరసల పేర్లు చదువుతాను: "అచ్చులు, క, చ, ట, త, ప, య." ఆయనకు కావలసిన వరస రాగానే చూపు పైకెత్తుతారు. ఆ వరసలో అక్షరాలు చదువుతాను, మళ్లీ చూపు పైకి. తర్వాత గుణింతం: తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము... గట్టిగా రెప్ప మూస్తే ఒత్తు ఉందని గుర్తు.

కొన్ని సవరణలు అనుభవం మీద చేసుకున్నాం. ఙ, ఞ, ఝ లాంటివి మొదటి పలక నుంచి తీసేశాం, అవి వెనకవైపు ఉంటాయి. త, ప, య వరసలు ఎక్కువగా వస్తాయి కాబట్టి వాటిని ముందుకు జరిపాం. అచ్చుతోనే మొదలయ్యే మాట తప్ప మధ్యలో అచ్చుల వరస చదవం. అన్నింటికీ మించి, మాట సగంలో నేను ఊహించి పూర్తి చేయకూడదని ఆయన షరతు. "రెం" అనగానే నేను "రెండు" అంటే ఆయనకు చిర్రెత్తుకొస్తుంది, ఎందుకంటే చాలాసార్లు ఆయన మనసులో వేరే మాట ఉంటుంది. ఇంకొందరికి ఊహించి చెప్పడమే హాయి. ముందే అడిగి తెలుసుకోవాలి.

మామూలు అవసరాలకు వేరే చిన్న పలక ఉంది: దిండు, దాహం, చెమట, లాలాజలం, కాలు జరుపు, దోమ. ఈ చివరిది ఆయనే చేర్చించారు. స్పర్శ పోదు కదా, ముక్కు మీద దోమ వాలితే తెలుస్తుంది, తోలుకోలేరు. ఆ బాధ మనకు తట్టదు.

పద్యాన్ని ఆయన రాత్రంతా తలలోనే కట్టుకుంటారు. పొద్దున నేను వెళ్లేసరికి గణాలు, యతి సిద్ధం. నేను రాసుకునేవాణ్ని మాత్రమే. ఆయన అనుమతితో ఒక ఆటవెలది:

చేయి లేవకున్న చిత్రమై కనుచూపు
అక్షరాల నేరి యల్లుచుండె
గొంతు మూగయైన గుండెలో పాటకు
రెప్ప తాళమయ్యె రెక్క లొచ్చె

మూడో పాదంలో "గుండె"కు బదులు నేను ఇంకో మాట సూచించాను. యతి కుదరదని చూపు కిందికి దించేశారు.

చిటికి నూలు (పుట్టపాక)

మాస్టారు గారూ, మీ పద్యం నాన్నకు చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నారు. పలకను ఈ రోజే గట్టి అట్ట మీద రాసి మంచం పక్కన కట్టాను. గ్రాఫు పనికి అంకెల పలక వేరుగా చేసుకున్నాం: ముందు వరస సంఖ్య, తర్వాత ఎడమ నుంచి ఎన్నో గడి మొదలు ఎన్నో గడి వరకు, చివరికి రంగు. తేలియాలో రంగులు ఎరుపు, నలుపు, తెలుపు మాత్రమే కావడం ఇప్పుడు మాకు వరమైంది. చూపు కుడికి ఎరుపు, ఎడమకు నలుపు, పైకి తెలుపు. చెప్పడం పలక లేకుండానే అయిపోతుంది.

తెలియని వారి కోసం: తేలియా రుమాల్‌కు నూలును నూనె, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలో మళ్లీ మళ్లీ నానబెట్టి ఎండబెడతారు. రంగు ఆ నూలును పట్టి వదలదు. మా పుట్టపాక తేలియా రుమాల్‌కు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పాత రుమాళ్లలో సింహాలు, ఏనుగులు, గడియారాలు, విమానాలు కూడా ఉండేవి. నాన్న అనుకున్న రుమాలులో బొమ్మలు ఉండవు. నిండు ఎరుపు గళ్లు ఒక మూల నుంచి మొదలై పక్కపక్కకు పలచబడుతూ తెల్లబడతాయి. ఆయన చేతి కండ పోయిన తీరు అదే. నట్టనడుమ నాలుగు గళ్లు మాత్రం చివరి దాకా ఎర్రగా ఉంటాయి. అవి ఏమిటని అడిగితే చెప్పలేదు.

నిర్వాహకులు

ఈ చర్చలో ఒక సభ్యుడు ఏఎల్‌ఎస్‌ను పూర్తిగా నయం చేస్తామంటూ ధర, ఫోన్ నంబరుతో పెట్టిన వ్యాఖ్యను తొలగించాం. మూలకణాల సూది, పసరు, నూనె మర్దన, ఏ పేరుతో వచ్చినా ఇక్కడ ప్రచారం కుదరదు. దయచేసి పొలాలు అమ్మి అలాంటి చోట డబ్బు కట్టవద్దు.

మూసీ ఒడ్డు (సూర్యాపేట)

నిర్వాహకులకు కృతజ్ఞతలు. మా అమ్మ విషయంలో మేము అలాగే నష్టపోయాం.

కానీ ఇంకో సంగతి చెప్పాలి, ఎవరూ నొచ్చుకోవద్దు. ఈ జబ్బుతో ఉన్న వారందరూ పద్యాలు రాయాలని, బొమ్మలు గీయాలని మనం అనుకోకూడదు. మా అమ్మకు అలాంటివేమీ పట్టలేదు. ఆమెను చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరూ "హాకింగ్‌ను చూడు, ఎంత సాధించాడో" అని, ఇదే జబ్బుతో బతికిన ఆ భౌతిక శాస్త్రవేత్త గురించి చెప్పి వెళ్లేవారు. ఆమె ఏడో తరగతి చదివిన రైతు మనిషి. ఆమెకు కావలసింది సాయంత్రం వాకిట్లో కూర్చుని దారిన పోయేవారిని చూడటం, మిరప తోటకు నీళ్లు కట్టారా అని అడగటం, మా చెల్లి కూర వండుతుంటే ఉప్పు ఎప్పుడు వేయాలో కనుసైగతో చెప్పటం. అంతే. ఒక సంస్థ వాళ్లు అవగాహన కోసమని ఫొటో తీయబోతే ముఖం తిప్పుకుంది. ఆమె చనిపోయాక కూడా ఆ ఫొటో ఎవరికీ ఇవ్వలేదు మేము. అవగాహన పేరుతో ఎవరి ముఖాన్నీ వారి ఇష్టం లేకుండా గోడకెక్కించవద్దు.

తెలుగు మాస్టారు (దేవరకొండ)

బాబూ, నీ మాటతో నాకు పేచీ లేదు. కానీ మీ అమ్మగారు ఉప్పు ఎప్పుడు వేయాలో చెప్పడం, మా మిత్రుడు యతి కుదరదనడం, నాకు ఒకే రకం పనులుగా కనిపిస్తాయి. ఇద్దరూ తమ చేతిలో పని ఇంకా తమదేనని చెబుతున్నారు. మనం మేలు చేస్తున్నామనుకుంటూ ఆ పనిని వాళ్ల దగ్గర నుంచి లాక్కుంటాం. వంటింట్లోకి రావద్దంటాం, లెక్కలు చూడవద్దంటాం, విశ్రాంతి తీసుకోమంటాం.

మూసీ ఒడ్డు (సూర్యాపేట)

అలా అయితే ఒప్పుకుంటాను సార్. ఆమె చెప్పిన ఉప్పు ఎప్పుడూ సరిపోయేది.

నరాల వైద్యుడు (నల్లగొండ)

హాకింగ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఆయనకు 1963లో 21 ఏళ్ల వయసులో జబ్బు తేలింది, 2018 వరకు జీవించారు. అది అత్యంత అరుదు. లక్షణాలు మొదలయ్యాక ఎక్కువ మంది మూడు నుంచి అయిదేళ్లు ఉంటారు, పది మందిలో ఒకరు పదేళ్లు దాటుతారు. ఈ లెక్క వినాలా వద్దా అన్నది రోగి ఇష్టం. కానీ ఇంటివారు తమలో తాము గుసగుసలాడుకుంటూ ఆయన దగ్గర దాచడం మాత్రం నేను సమర్థించను. చాలామందికి అప్పటికే తెలిసి ఉంటుంది. దాచడం వల్ల జరిగేది ఒకటే: చెప్పుకోవలసిన మాటలు, రాయించుకోవలసిన కాగితాలు గొంతు ఉన్నప్పుడు జరగవు.

సర్క్యూట్ కుర్రాడు (మహబూబ్‌నగర్)

ఇంజనీరింగ్ చదువుతున్నాను. 2003లో ఏఎల్‌ఎస్ తేలిన లాస్ ఏంజెలెస్ గోడ చిత్రకారుడు టోనీ క్వాన్ కోసం 2009లో కొందరు కళాకారులు, ప్రోగ్రామర్లు కలిసి ఐరైటర్ అనే పరికరం చేశారు. చవక కెమెరా, కళ్లద్దాల ఫ్రేము, ఎవరైనా ఉచితంగా వాడుకోగల సాఫ్ట్‌వేర్. ఆయన మంచం మీద నుంచే కళ్లతో అక్షరాలు గీస్తే, వాటిని బయట భవనం గోడ మీద కాంతితో చూపించారు. గిటార్ కళాకారుడు జేసన్ బెకర్‌కు 1990లో, ఇరవై ఏళ్ల వయసులో ఈ జబ్బు తేలింది. ఆయన తండ్రి తయారు చేసిన కంటి సైగల అక్షరాల పద్ధతితోనే దశాబ్దాలుగా సంగీతం కూరుస్తున్నారు. మాస్టారు గారి పలక అలాంటిదే, పైగా తెలుగుకు సొంతంగా పుట్టింది.

మన దగ్గర కూడా ఇలాంటి మనసున్న పని జరిగింది. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారు, ఆసు పోస్తూ (నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పుతూ) అమ్మ భుజం పడే బాధ చూడలేక ఆ పనికి యంత్రం కట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నేను, నా మిత్రులు మాస్టారు పలకను ఫోనులోకి తెస్తాం. వరసలు వాటంతట అవే వెలుగుతూ పోతాయి, ముందు కెమెరా చూపు పైకెత్తడాన్ని పసిగడుతుంది. రాత్రిపూట పక్కన మనిషి నిద్రపోయినా పిలవగలగాలి. అక్కా, అంకెల పలక కొలతలు పంపండి.

తెలుగు మాస్టారు (దేవరకొండ)

తప్పకుండా చేయండి నాయనా. అట్ట పలకను మాత్రం ఎవరూ పారేయవద్దు. కరెంటు పోయినా, ఆసుపత్రిలో ఫోను లోపలికి రానివ్వకపోయినా పనిచేసేది అదే.

ఆశా కార్యకర్త (నాగర్‌కర్నూల్ జిల్లా)

ఈ చర్చ చదివాక మా ఊళ్లో ఒక తాత గుర్తొచ్చాడు. కాలు జారుతోందని కర్ర ఇచ్చి వదిలేశారు. రేపు వెళ్లి చూస్తాను.

అవగాహన గురించి అడిగారు కదా అక్కా. కరపత్రం ఇస్తే జనం మడిచి జేబులో పెట్టుకుంటారు. మా దగ్గర పనికొచ్చేది టీకాల రోజు, మహిళా సంఘం సమావేశం, బతుకమ్మ ఆడే చోటు. అక్కడ చెప్పాల్సినవి కూడా కొన్నే: గుండీ పెట్టుకోలేకపోవడం, చెప్పు జారిపోవడం, మాట ముద్దకావడం, నీళ్లకు దగ్గు రావడం, కండ అదరడం. నొప్పి, తిమ్మిరి లేకుండా ఇవి నెలనెలా పెరుగుతుంటే నరాల డాక్టరు దగ్గరికి పంపాలి. ఉత్త కండ అదురు మాత్రమే ఉండి బలం తగ్గకపోతే భయపడాల్సిన పని లేదని కూడా చెప్పాలి. లేకపోతే ఊరంతా నిద్రమానేస్తుంది.

వైకల్య ధ్రువపత్రం కోసం పరీక్ష చేసే సదరం శిబిరం సంగతి మరిచిపోవద్దు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, వాటిలో దీర్ఘకాలిక నాడీ సంబంధ జబ్బులు, కదలిక వైకల్యం కూడా చేరాయి. పింఛను లాంటి వాటికి 40 శాతం వైకల్యం కావాలి. ఈ జబ్బు ముదురుతూ పోతుంది కాబట్టి మొదటిసారి తక్కువ శాతం రాశారని ఊరుకోకుండా మళ్లీ పరీక్షకు వెళ్లాలి. నడవగలిగినప్పుడే వెళ్లడం సుఖం. మంచం పట్టాక శిబిరానికి మోసుకెళ్లడం ఆ మనిషికి ఎంత నరకమో నేను చూశాను.

కందనూలు పాఠకుడు

2014లో తల మీద ఐసు నీళ్లు గుమ్మరించుకునే ఐస్ బకెట్ ఛాలెంజ్ అప్పుడు మా హాస్టల్లో కూడా చేశారు. అమెరికాలోని ఏఎల్‌ఎస్ సంఘానికి దానివల్ల 11 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి, ఆ డబ్బుతో జన్యు పరిశోధన ముందుకు నడిచింది. అదే ఏడాది హైదరాబాద్ పాత్రికేయురాలు మంజులత కళానిధి రైస్ బకెట్ ఛాలెంజ్ మొదలుపెట్టి బకెట్ బియ్యం పేదలకు ఇమ్మన్నారు. ఎండాకాలంలో బిందె నీళ్ల కోసం వరసలో నిలబడిన పాలమూరు వాణ్నిగా నాకు ఆ మార్పు సబబు అనిపించింది. అది ఆకలి కోసం చేసిన మంచి పని. ఏఎల్‌ఎస్ పేరు మాత్రం తెలుగు నేల మీద ఎవరికీ గుర్తుండకుండా పోయింది. ఆ లోటు ఒక రుమాలు తీరుస్తుందంటే నాకు నమ్మకం ఉంది. చేనేత వస్త్రం ఇంటింటికీ వెళుతుంది, దాన్ని చూసిన వాళ్లు ఇది ఏమిటని అడుగుతారు.

చిటికి నూలు (పుట్టపాక)

ఇది నాన్న రాయించినది. పలకతో, ఒక్క అక్షరం కూడా నేను చేర్చలేదు. రెండు పూటలు పట్టింది.

"అందరికీ దండాలు. మా ఇంటికి వచ్చేవారు మా అమ్మాయిని అడుగుతారు, మీ నాన్న తిన్నాడా అని. నన్ను అడగండి. జవాబు ఆలస్యంగా వస్తుంది, కూర్చోండి. రుమాలు మీద నా ఫొటో వద్దు, పేరు వద్దు. పాలమూరు చెల్లెలు చెప్పిన నవ్వు సంగతి అంచు మీద నేయిస్తాను, అక్షరాలు పెద్దవిగా. నడుమ నాలుగు ఎర్ర గళ్లు ఏమిటని అడిగారు. రెండు నావి, రెండు మా ఆవిడవి. కళ్లు. చిటికి కట్టే పిల్లలకు ఒక మాట: తెల్లబడే చోట ముడులు దగ్గరగా కట్టండి, వదులైతే ఎరుపు పాకుతుంది."

పాలమూరు ఇల్లాలు (దేవరకద్ర దగ్గర)

అన్నా, మా ఆయనకు ఇది చదివి వినిపించాను. నవ్వారు. ఇది జబ్బు నవ్వు కాదు, నాకు తేడా తెలుసు. రెండు రుమాళ్లు మాకు కావాలి, ఒకటి మా ఆడబిడ్డ ఇంటికి.

కొత్త సభ్యుడు (అచ్చంపేట)

నమస్తే. మా అమ్మకు 58 ఏళ్లు. కొన్ని నెలలుగా మాట ముద్దగా వస్తోంది, నీళ్లు తాగితే పొలమారుతోంది. గొంతు డాక్టరు అంతా బాగుందన్నారు. చేయి, కాలు బాగానే ఉన్నాయి. ఈ చర్చ చదివి భయమేసింది. ఎక్కడికి వెళ్లాలి, ఏమి తీసుకెళ్లాలి?

నరాల వైద్యుడు (నల్లగొండ)

భయపడకుండా, ఆలస్యం చేయకుండా నరాల విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. ఇవే లక్షణాలు మయస్తీనియా అనే జబ్బులోనూ వస్తాయి, దానికి మంచి వైద్యం ఉంది, కాబట్టి ముందు అది కాదని తేల్చాలి. సాయంత్రానికి మాట మరింత ముద్దవుతుందా, విశ్రాంతి తీసుకుంటే బాగవుతుందా గమనించి రాసుకోండి. కనురెప్ప వాలుతోందేమో చూడండి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఆమె మాట్లాడుతుండగా ఫోనులో వీడియో తీయండి. పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీలు, బరువు ఎంత తగ్గిందో, ఇవన్నీ దగ్గర పెట్టుకోండి. అప్పటి వరకు నీళ్లు గ్లాసుతో ఎత్తి పోయవద్దు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొద్దిగా కిందికి వంచి, చెంచాతో ఇవ్వండి. గంజి, పెరుగు లాంటి చిక్కటివి నీళ్ల కంటే సులువుగా దిగుతాయి. వెళ్లి వచ్చాక ఇక్కడ రాయండి.

కొత్త సభ్యుడు (అచ్చంపేట)

సోమవారం తీసుకెళ్తున్నాను సార్. వీడియో ఈ రాత్రే తీస్తాను.